పశువైద్య సర్జన్లకు గ్రాంటు దరఖాస్తు – 3వ పాఠం: ఎన్ని కుక్కలు, ఎన్ని నెలలు, ఎంత ఖర్చు

గత పాఠంలో పరిశోధన ప్రశ్నను నాలుగు ముక్కలుగా విడగొట్టి రాశాం: ఏ రోగి, ఏ చికిత్స, దేనితో పోలిక, ఏ ఫలితం. ఇప్పుడు దాన్ని అంకెల్లోకి దించాలి. దరఖాస్తులు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఎంత చెయ్యి తిరిగిన సర్జనైనా తనకు ఎన్ని కేసులు దొరుకుతాయన్న విషయంలో ఎక్కువే ఊహిస్తారు. ఆ సంగతి సమీక్షకులకు బాగా తెలుసు.

కుక్కల మోకాల్లో క్రూసియేట్ లిగమెంట్ తెగినప్పుడు చేసే టీపీఎల్‌ఓ (టిబియల్ ప్లాటో లెవెలింగ్ ఆస్టియాటమీ) ఆపరేషన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మోకాలి కింది ఎముక టిబియా పైభాగాన్ని వంపు రంపంతో కోసి, ఎముక వాలు తగ్గేలా తిప్పి, ప్లేటు, స్క్రూలు బిగించే ఈ పద్ధతిని బార్‌క్లే స్లోకమ్ 1993లో ప్రచురించారు. దీని మీద చాలామందికి మొదట తట్టే ప్రశ్న ఒకటుంది. ఆపరేషన్ తర్వాత వారం రోజులు యాంటీబయాటిక్ ఇస్తే ఇన్‌ఫెక్షన్ తగ్గుతుందా?

ప్రశ్న మంచిదే, లెక్కే కుదరదు. మందు ఇవ్వకపోతే 10 శాతం, ఇస్తే 5 శాతం కుక్కలకు ఇన్‌ఫెక్షన్ వస్తుందనుకోండి. 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం ప్రాముఖ్యత స్థాయి (లేని తేడాను ఉందనుకునే ప్రమాదం) పెట్టుకుంటే గ్రూపుకు సుమారు 435 కుక్కలు కావాలి, రెండు గ్రూపులకూ కలిపి 870. ఏడాదికి 60 ఆపరేషన్లు చేసే చోట ఒక్క యజమాని కూడా కాదనకపోయినా పద్నాలుగేళ్లు దాటుతుంది. ‘వచ్చింది, రాలేదు’ అని మాత్రమే చెప్పే ఫలితం ఒక్కో కుక్క నుంచి ఇచ్చే సమాచారం చాలా తక్కువ. పైగా అది అరుదుగా వచ్చేదైతే సంఖ్య కొండంత పెరుగుతుంది. చిన్న గ్రాంటుతో దీన్ని మోయలేం.

అదే ఆపరేషన్ మీద కొలవగలిగే ఫలితం ఉన్న ప్రశ్న వేద్దాం. కుట్లు విప్పాక ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయిస్తే, ఇంట్లో చేయించే వ్యాయామాలతో పోలిస్తే, 8వ వారానికి కుక్క ఆ కాలి మీద ఎక్కువ బరువు మోపుతుందా? కొలిచేది ఫోర్స్ ప్లేట్ (కాలు మోపిన బలాన్ని కొలిచే పలక) మీద నిట్టనిలువు గరిష్ఠ బలం, శరీర బరువులో శాతంగా.

ఇలాంటి కొలతకు గుర్తుపెట్టుకోదగ్గ సూత్రం: ప్రామాణిక విచలనాన్ని (కుక్కకూ కుక్కకూ కొలత ఎంత మారుతుందో చెప్పే అంకెను) మీరు పట్టుకోదలచిన తేడాతో భాగించి, వర్గం చేసి, 16తో గుణించండి. వచ్చేది ఒక్కో గ్రూపుకు కావలసిన సంఖ్య (పైన చెప్పిన పవరే). విచలనం 8, తేడా 6 అయితే 8/6 వర్గం 1.78, దాన్ని 16తో గుణిస్తే 28.4, అంటే 29. మధ్యలో మానేసేవారు 15 శాతం ఉంటారనుకుంటే 29ని 0.85తో భాగించాలి. చాలామంది 29కి 15 శాతం కలిపి 34 అని రాసేస్తారు. అది తప్పు, సరైన జవాబు 35. మొత్తం 70.

విచలనం 8 అని ఎక్కడిది? సమీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మీ దగ్గరున్న పాత కొలతలైనా, ప్రచురితమైన అధ్యయనమైనా చూపించాలి. రెండూ లేకపోతే ముందు పది, పన్నెండు కుక్కలతో ప్రాథమిక అధ్యయనానికి చిన్న గ్రాంటు అడగడం మేలు. తేడా 6 ఎందుకన్నదానికి సమాధానం గణాంకాల్లో దొరకదు, క్లినిక్‌లోనే దొరకాలి. అంతకన్నా తక్కువ మెరుగుదల ఉంటే మీరు ఫిజియోథెరపీ సలహా ఇవ్వరా? ఇస్తామంటే 6 తప్పుడు అంకె.

ఇక క్యాలెండర్. ఏడాదికి 60 ఆపరేషన్లలో రెండు కాళ్లూ దెబ్బతిన్నవీ, తుంటి జబ్బు ఉన్నవీ తీసేస్తే 40 మిగులుతాయనుకోండి. వాటిలో సగం మంది యజమానులే ఒప్పుకుంటారు. అంటే ఏడాదికి 20. 70 కుక్కలకు మూడున్నరేళ్లు పడుతుంది, గ్రాంటు గడువు మాత్రం రెండేళ్లు.

ఇక్కడ తేడాను 6 నుంచి 9కి పెంచేసి సంఖ్య తగ్గించుకోవాలని ఎవరికైనా చెయ్యి లాగుతుంది. అలా చేయకండి, చదివేవారు వెంటనే పట్టేస్తారు. నిజాయితీగా తగ్గించే దారి వేరే ఉంది. గ్రూపులు కేటాయించే రోజే, అంటే 2వ వారంలో, ప్రతి కుక్కకూ మొదటి కొలత తీసి, విశ్లేషణలో దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. రెండు కొలతల మధ్య సహసంబంధం (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తిగా కలిసి నడుస్తాయి) 0.5 ఉంటే అవసరమైన సంఖ్య నాలుగో వంతు తగ్గుతుంది. 29 కాస్తా 22 అవుతుంది, మానేసేవారితో కలిపి 26, మొత్తం 52. మీలాంటి ఆసుపత్రులే మూడు కలిస్తే ఏడాదికి 60 కుక్కలు వస్తాయి కాబట్టి నమోదు 11 నెలల్లో ముగుస్తుంది. అనుమతులకు 3 నెలలు, చివరి కుక్క పూర్తికావడానికి 2, విశ్లేషణకు 3 కలిపితే 19 నెలలు. మిగిలిన 5 నెలలనూ దరఖాస్తులో దాచకండి, ‘ఆలస్యాలకు’ అని రాసి చూపించండి. రెండే ఆసుపత్రులైతే సరిగ్గా 24 నెలలు వస్తుంది, ఊపిరి తీసుకునే సందు ఉండదు.

ఒకే కుక్కకు రెండో కాలు కూడా తెగితే దాన్ని రెండు కేసులుగా లెక్కపెట్టకూడదు. గణాంకాల్లో ప్రమాణం కుక్కే, కాలు కాదు.

కొలత రోజున ఏం జరుగుతుందో దరఖాస్తులో అడుగు అడుగునా రాయాలి. 8వ వారంలో ఎముక అతుక్కుందో లేదో చూడటానికి ఎక్స్‌-రే తీస్తారు, దానికి మత్తు ఇస్తారు. మత్తు ముందు, నడక తర్వాత అయితే ఆ రోజు కొలత చెత్తబుట్టలోకే. కాబట్టి ముందు ఫోర్స్ ప్లేట్, ఆ తర్వాతే సూది. నొప్పి తగ్గించే మాత్ర కుంటడాన్ని కప్పేస్తుంది కనుక చివరి మోతాదుకూ కొలతకూ ఎన్ని గంటల ఎడం ఉండాలో ముందే నిర్ణయించి అన్ని కుక్కలకూ ఒకేలా పాటించాలి. నడక వేగం పెరిగితే బలమూ పెరుగుతుంది. అందుకే వేగానికి సన్నని హద్దు పెట్టి, త్వరణం సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటిన నడకలను వదిలేసి, సరిగ్గా వచ్చిన ఐదింటి సగటు తీసుకోవాలి. కుక్కను నడిపించే మనిషి రెండు కొలతలకూ ఒకరే ఉంటే మంచిది.

కొలిచే వ్యక్తికి ఏ కుక్క ఏ గ్రూపో తెలియకూడదు. ‘మా ఫిజియోథెరపిస్టు చాలా బాగా చేస్తోందండీ’ అని యజమాని నోరు జారితే అంతా వృథా. ఆ మాట ఎత్తొద్దని రిసెప్షన్‌లోనే చెప్పించండి. కేటాయింపు చీటీలు ఆసుపత్రికి ఒక కట్ట చొప్పున, లోపలిది కనబడని కవర్లలో, నాలుగు, ఆరు చొప్పున కలగాపులగం చేసిన బ్లాకుల్లో (రెండు గ్రూపుల చీటీలూ సమానంగా ఉన్న చిన్న కట్టల్లో) ఉండాలి. అన్నీ నాలుగేసి చీటీల బ్లాకులైతే ఒక్కో బ్లాకులో చివరి కవరులో ఏముందో ఎవరైనా ఊహించేస్తారు.

బడ్జెట్‌కు మూలం రోగుల రాకపోకలు. 52 కుక్కలు, రెండేసి కొలతలు: 104. కుక్క మొండికేసి మళ్లీ రమ్మనాల్సి వచ్చేవి పదో వంతు కలిపితే 115. ఒక్కోటి ముప్పావు గంట, ఇద్దరు మనుషులు అంటే సుమారు 173 పనిగంటలు. ఫిజియోథెరపీ 26 కుక్కలకు వారానికి రెండుసార్లు, ఆరు వారాలు: 312 సెషన్లు, అరగంట చొప్పున 156 గంటలు. ఇంటి వ్యాయామాల గ్రూపులోని యజమానులు ఆగలేక బయట ఫిజియోథెరపీ మొదలుపెడితే పోలికే పోతుంది. 8వ వారం కొలత అయ్యాక వారికీ నాలుగు సెషన్లు ఉచితమని చెబితే చాలామంది ఆగుతారు. కాకపోతే ఆ 104 సెషన్ల ఖర్చూ బడ్జెట్‌లో ఉండాలి, అదే అందరూ మరచిపోయే వరుస.

ఆపరేషన్ ఖర్చు అడగకండి. అధ్యయనం ఉన్నా లేకున్నా అది జరిగేదే, యజమాని భరించేదే. అధ్యయనం కోసం అదనంగా చేసేదానికే గ్రాంటు. ఫోర్స్ ప్లేట్ కొనుగోలు కన్నా అద్దె సులభంగా ఒప్పుకుంటారు. గణాంక నిపుణుడి గంటలు, ప్రచురణ రుసుము, సంస్థాగత ఖర్చుల శాతం దాత నిబంధనల ప్రకారం వేయండి. మీ సమయాన్ని కూడా గంటల్లో అడగండి. ఆపరేషన్ల జాబితా నుంచి వారానికి ఒక పూట విడిపించుకోని సర్జన్ అధ్యయనం ఆర్నెల్లలో అటకెక్కుతుంది. గ్రాంటు నిజంగా కొనిపెట్టేది ఆ పూటనే.

నైతిక అనుమతి ఫారంలో సంఖ్యను సమర్థించే పేరా ఒకటి ఉంటుంది. జంతు ప్రయోగాలకు రస్సెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించిన మూడు సూత్రాల్లో ‘తగ్గింపు’ అంటే అతి తక్కువ జంతువులని కాదు, జవాబు తేలడానికి సరిపడా, అంతకు మించకుండా అని. పైన వేసిన లెక్కనే అక్కడా రాయండి.

అభ్యాసం: మీ ఆసుపత్రిలో గత 12 నెలల కేసు పుస్తకం తెరిచి, మీ ప్రశ్నకు సరిపోయే జంతువులను జ్ఞాపకం మీద కాకుండా ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. అందులో సగాన్ని ఏడాది నమోదుగా తీసుకొని, 16 సూత్రంతో రెండు గ్రూపులకూ కలిపి వచ్చిన సంఖ్యకు ఎన్ని నెలలు పడుతుందో రాయండి. 24 దాటితే కొలవదలచిన ఫలితాన్ని మార్చుకోండి, లేదా తోడు ఆసుపత్రులను వెతకండి. 4వ పాఠంలో యజమాని సమ్మతి పత్రం రాద్దాం.