ఫ్రీటౌన్ వెళ్తున్నారా? టికెట్ కొనే ముందే ఇవి చూసుకోండి

నవంబరుకల్లా వానలు తగ్గి, సియెర్రా లియోన్ రాజధానికి ప్రయాణాలు మొదలవుతాయి.

- ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే అక్కడ ఆపేయడం ఒక్కటే కాదు, ఇండియాలో దిగాక 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

- విమానం దిగే లుంగీ ఎయిర్‌పోర్టు ఫ్రీటౌన్‌కు అవతలి ఒడ్డున ఉంది, మధ్యలో నది సముద్రంలో కలిసే చోటు. రాత్రి దిగుతుంటే పడవ ఉంటుందో లేదో హోటల్‌వాళ్లనే అడగండి. లేదంటే ఆ రాత్రికి లుంగీలోనే గది తీసుకోండి, టెన్షన్ ఉండదు. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లడానికి గంటలు పడుతుంది.

- బసకు అబర్డీన్, లమ్లీ బీచ్ వైపు నాకు నచ్చుతుంది. పని సెంటర్‌లో అయితే మాత్రం ట్రాఫిక్ తినేస్తుంది.

- జనరేటర్ రాత్రంతా నడుపుతారా? కరెంటు పోతుంది కాబట్టి అడగండి. దోమతెర తప్పనిసరి, మలేరియా ఎక్కువ.

- 2022లో అక్కడి కరెన్సీ లియోన్‌కు మూడు సున్నాలు తీసేశారు. ధర పాత లెక్కా, కొత్త లెక్కా తేల్చుకున్నాకే డబ్బు తీయండి.