స్టేట్ బ్యాంక్ వార్షిక నివేదికలో ఇక్కడి వ్యాపారమెంత, విదేశాలదెంత: లెక్క తీసే పద్ధతి

పెద్ద యూనివర్సల్ బ్యాంకు, అంటే అన్ని రకాల ఆర్థిక సేవలూ ఇచ్చే బ్యాంకు, పైకి ఒక్కటే బోర్డు, లోపల చాలా కంపెనీలు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియానే తీసుకోండి. డిపాజిట్లు, అప్పులు, ట్రెజరీ (బ్యాంకు సొంత డబ్బు, పెట్టుబడులు చూసే విభాగం) బ్యాంకు చేతిలో ఉంటాయి. బీమా ఎస్‌బీఐ లైఫ్, ఎస్‌బీఐ జనరల్ చూస్తాయి. కార్డులకు, మ్యూచువల్ ఫండ్లకు వేరే కంపెనీలున్నాయి. విదేశాల్లోనూ ఇదే తీరు: కొన్నిచోట్ల బ్యాంకు సొంత శాఖలు, కొన్నిచోట్ల అక్కడి చట్టం కింద రిజిస్టరైన అనుబంధ బ్యాంకులు.

నివేదికలో రెండు బ్యాలెన్స్ షీట్లుంటాయి. స్టాండలోన్‌లో బ్యాంకు ఒక్కటే. కొలంబోలో 1864లో బ్యాంక్ ఆఫ్ మద్రాస్ తెరిచిన శాఖ లాంటి విదేశీ శాఖలూ ఇందులోనే ఉంటాయి. కాలిఫోర్నియా, కెనడా, నేపాల్ అనుబంధ బ్యాంకుల అప్పులు కనబడాలంటే సమూహంలోని కంపెనీలన్నీ కలిపి చూపే కన్సాలిడేటెడ్‌కి వెళ్లాలి. ఏ అంకె రాసుకున్నా పక్కన ‘స్టా’ అనో ‘క’ అనో గుర్తు పెట్టుకోండి. యూనిట్ వేలా, కోట్లా అన్నదీ పేజీ పైన చూసుకోండి. సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి.

ముందు స్టాండలోన్ తెరవండి. బ్యాలెన్స్ షీట్ పద్దుల వివరాలిచ్చే పట్టికలే షెడ్యూళ్లు. షెడ్యూల్ 3లో విదేశీ శాఖల డిపాజిట్లు విడిగా ఇస్తారు. షెడ్యూల్ 9లో ‘సి’ భాగం రెండో పద్దు భారత్ వెలుపలి అడ్వాన్సులు, అంటే ఇచ్చిన అప్పులు. అందులో బిల్లులు, సిండికేటెడ్ లోన్లు (కొన్ని బ్యాంకులు కలిసి ఇచ్చే అప్పులు), ఇతరాలు వేర్వేరుగా ఉంటాయి. ఈ రెండు షెడ్యూళ్ల అంకెలూ పక్కపక్కన పెడితే విదేశాల్లో ఇచ్చిన అప్పులే డిపాజిట్ల కన్నా బాగా ఎక్కువని తేలుతుంది. ఆ తేడా ఎలా పూడ్చారో తెలియాలంటే షెడ్యూల్ 4లో బ్యాంకు తాను భారత్ వెలుపల తెచ్చుకున్న అప్పులు చూడాలి. మన ఊళ్లో శాఖ నడిచేది సేవింగ్స్ ఖాతాల మీద. విదేశీ శాఖలు చాలావరకు మార్కెట్లో తెచ్చిన డబ్బు మీద నడుస్తాయి. అందుకే డాలర్ వడ్డీ పెరిగితే వాటి మార్జిన్‌కి, అంటే వచ్చే వడ్డీకి కట్టే వడ్డీకి మధ్య మిగులుకి, వెంటనే సెగ తగులుతుంది. ఇంకో మెలిక: ‘వెలుపల’ అంటే అప్పు ఏ శాఖ పుస్తకాల్లో ఉందన్నదే. తీసుకున్నది భారతీయ కంపెనీ కావచ్చు.

తర్వాత కన్సాలిడేటెడ్. ఇక్కడ వాటా శాతాన్ని బట్టి లెక్క మారుతుంది. నేపాల్ ఎస్‌బీఐలో వాటా 55 శాతమే అయినా దాని అప్పులు, డిపాజిట్లు నూటికి నూరూ కలుపుతారు. మిగతా 45 శాతం మైనారిటీ వాటాగా వేరే లైనులో చూపిస్తారు. తెలంగాణ గ్రామీణ బ్యాంకు సంగతి వేరు. దానికి ఎస్‌బీఐ స్పాన్సర్ (వెన్నుదన్నుగా ఉండే బ్యాంకు), వాటా 35 శాతం. అది 100 కోట్లు లాభం చేస్తే 35 కోట్లు ఒక్క లైనులో చేరతాయి. దాని డిపాజిట్లు ఒక్క రూపాయి కూడా కలవవు.

బీమాతో జాగ్రత్త. పాలసీదారుల డబ్బుతో పెట్టిన పెట్టుబడులు కూడా కన్సాలిడేటెడ్ ఆస్తుల్లో కూర్చుంటాయి. వాటిని చూసి బ్యాంకు అప్పులిచ్చే సత్తా అంచనా వేయకండి. క్యాపిటల్ నిష్పత్తి (రిస్కుతో పోలిస్తే బ్యాంకు మూలధనం ఎంతో చెప్పే కొలత) లెక్కలో బీమా కంపెనీలను కలపరు. ఏ కంపెనీని ఏ లెక్కలో కలిపారో బాసెల్ (బ్యాంకుల మూలధనంపై అంతర్జాతీయ నియమాలు) వెల్లడింపుల్లో డీఎఫ్-1 పట్టిక చెబుతుంది. సమూహం గురించి ఒక్క పేజీ చదివే తీరికే ఉంటే అదే చదవండి.

ఇప్పుడు ఎదుగుదల. పాత అంకెలతో పోల్చేటప్పుడు డబ్బు జేబు మారిందేమో ముందు చూడాలి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ సహా ఐదు అసోసియేట్ బ్యాంకులు, భారతీయ మహిళా బ్యాంకు విలీనమయ్యాయి. స్టాండలోన్ డిపాజిట్లు ఒక్కసారిగా ఎగిరాయి. అసోసియేట్ బ్యాంకులు అప్పటికే కన్సాలిడేటెడ్‌లో ఉన్నాయి కాబట్టి అక్కడ ఆ గంతు లేదు. లండన్‌లో దీనికి తిరగబడిన కథ: 2018 ఏప్రిల్‌లో రిటైల్ వ్యాపారం ఎస్‌బీఐ యూకే లిమిటెడ్‌కి మారింది, హోల్‌సేల్, అంటే కంపెనీలతో చేసే పెద్ద వ్యాపారం, శాఖ దగ్గరే ఉండిపోయింది. రిటైల్ డిపాజిట్లు స్టాండలోన్ నుంచి జారిపోయాయి తప్ప ఖాతాదారులు ఎక్కడికీ పోలేదు.

రూపాయి విలువ ఇంకో మాయ చేస్తుంది. ఉదాహరణకు 100 కోట్ల డాలర్ల అప్పులు, డాలర్ 75 రూపాయలుంటే 7,500 కోట్లు. డాలర్ 83కి చేరితే అవే 8,300 కోట్లు. కొత్తగా ఒక్క అప్పూ ఇవ్వకుండానే 10.7 శాతం ‘వృద్ధి’. కాబట్టి రెండేళ్ల అంకెల్నీ ఆయా మార్చి 31 రేట్లతో డాలర్లలోకి మార్చాకే పోల్చండి. అన్నీ డాలర్ అప్పులే కావు కాబట్టి వచ్చేది ఉజ్జాయింపే, అయినా రూపాయల్లో పోల్చడం కన్నా నయం.

విదేశీ కార్యాలయాల సంఖ్యకు మాత్రం ఎక్కువ విలువ ఇవ్వక్కర్లేదు. శాఖలు, అనుబంధ బ్యాంకుల ఆఫీసులు, డిపాజిట్ తీసుకోని ప్రతినిధి కార్యాలయాలు అన్నీ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోతాయి.