సండే స్కూల్ టీచర్ల స్వయంశిక్షణ – 6వ పాఠం: కళ్లెం ముందు ఎవరి నోటికి? (యాకోబు 3:1-12)

ఈ పాఠానికి బైబిలు, నోటుపుస్తకం, ఎర్ర పెన్ను, నీలం పెన్ను, మాట రికార్డు చేసే ఫోను కావాలి. చదవడానికి ఒక గంట, అభ్యాసానికి రెండు ఆదివారాలు పడుతుంది. గత పాఠంలో 2:14-26 మీద రాయమన్న ఐదు ప్రశ్నలు ఇంకా రాయకపోతే ముందు ఆ పని ముగించండి. మాటకూ క్రియకూ ఉన్న లంకె అక్కడ తేలకపోతే, ఇక్కడ నాలుక సంగతి గాలిలో వేలాడుతుంది.

మూడో అధ్యాయాన్ని ఐదో వచనం నుంచి ఎత్తుకోవడం మనవాళ్లకు అలవాటు. నిప్పు, అడవి, విషం పిల్లలకు చెప్పడానికి బాగుంటాయి. దాంతో పాఠం "చాడీలు చెప్పకండి, బూతులు మాట్లాడకండి" దగ్గర ఆగిపోతుంది. యాకోబు మాత్రం బోధకుడితో మొదలుపెట్టాడు. "మీలో అనేకులు బోధకులు కాకుండుడి" అన్నది మొదటి వచనం. కళ్లెం, చుక్కాని, నిప్పు ఆ తర్వాత వస్తాయి. కాబట్టి ఈ పన్నెండు వచనాలూ ముందు బల్ల దగ్గర నిలబడినవాడికి, తర్వాతే చాప మీద కూర్చున్న పిల్లలకు.

అదే వచనం "బోధకులమైన మనము మరి కఠినమైన తీర్పు పొందుదుమని" అంటుంది. అందులో "బోధకులమైన మనము" అన్న మాట కింద గీత గీయండి. మూలమైన గ్రీకులో ఆ క్రియ "పొందుతాం" అని మాత్రమే చెబుతుంది. వినేవాళ్లను కలుపుకున్నాడా లేదా అన్నది క్రియ రూపం చెప్పదు. తెలుగులోకి వచ్చేసరికి మేము, మనము రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. ఇలాంటి ఎంపికలతో కుస్తీ పట్టి, తొలిసారి అచ్చయిన తెలుగు సువార్తల పని విశాఖపట్నంలోనే జరిగింది. లండన్ మిషనరీ సొసైటీవారు క్రాన్, డిగ్రాంజిస్ 1805లో ఇక్కడికి వచ్చి, ముందు భాష నేర్చుకుని, ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1812లో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ బతికి లేరు. మన చేతిలోని అనువాదం చాలా తర్వాతిది. అందులోని "మనము" ఎంత సరైనదో రెండో వచనం చూస్తే తెలుస్తుంది. అక్కడ "మనమందరము తప్పిపోవుచున్నాము" అంటూ రాసినవాడు తననూ లెక్కలో వేసుకున్నాడు.

"తప్పిపోవు" దగ్గర జాగ్రత్త. జాతరలో పిల్లాడు తప్పిపోయాడంటాం కదా, పిల్లలు అదే అనుకుంటారు. ఇక్కడి అర్థం కాలు తట్టుకుని తూలడం. 11వ వచనంలో "జెల" అంటే ఊట. "లోపము లేనివాడు" అంటే ఎన్నడూ తప్పు చేయనివాడని కాదు, ఎదిగి పక్వానికి వచ్చినవాడు.

కఠినమైన తీర్పు అనగానే "అయితే నేను టీచరుగా మానేస్తానండీ" అనేవాళ్లుంటారు. ఎక్కువ అప్పగించినవాడి దగ్గర ఎక్కువ లెక్క అడుగుతారన్న లూకా 12:48 పక్కన పెట్టుకుని చదివితే విషయం తేలికవుతుంది. పైగా ఈపాటికి బోధకులు కావలసినవాళ్లు ఇంకా పాల దగ్గరే ఉన్నారని హెబ్రీ 5:12 మందలిస్తోంది. మానేయడం జవాబు కాదు.

ఉదాహరణలు ఎలా చూపించాలి

కళ్లానికి బీచ్ రోడ్డులో సవారీ గుర్రాలు చాలు. చుక్కానికి ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డుకు లాగిన పడవ వెనక భాగం చూపించండి. ఒక్క మాట మరిచిపోవద్దు. పడవ కదులుతుంటేనే, దాని పక్కన నీరు పారుతుంటేనే చుక్కాని పనిచేస్తుంది. పెద్ద ఓడ పోర్టులోకి మెల్లగా వచ్చేటప్పుడు చుక్కాని పట్టు తగ్గుతుంది, అందుకే టగ్గులు (పెద్ద ఓడను లాగే, నెట్టే చిన్న ఓడలు) సాయం పడతాయి. నాలుగో వచనంలో "ఓడ నడుపువాని ఉద్దేశము" అన్న మాట కూడా వదలకండి. తిప్పేవాడి మనసు ఎటుంటే చుక్కాని అటు. నాలుకను బిగబట్టడం ఒక్కటే నేర్పి మనసు సంగతి వదిలేస్తే పాఠం సగమే. 12వ వచనంలోని ఉప్పునీళ్లకు సముద్రం దగ్గరి వీధుల బోర్లు చాలు. ఉప్పెక్కిన బోరు పొద్దున తియ్యగా, సాయంత్రం ఉప్పగా ఇవ్వదు. గుడిలో "నాన్నా, బంగారం" అని, ఇంటికెళ్లాక అదే వయసు పిల్లల్ని తిట్టేవాళ్లకు ఈ బోరు చాలు.

అభ్యాసం: మీ మాట మీరు వినడం

వచ్చే ఆదివారం మీ 40 నిమిషాల తరగతిని ఫోనులో రికార్డు చేయండి. ముందుగా సండే స్కూల్ బాధ్యులకు చెప్పండి. అది మీకోసమే, ఎవరికీ పంపకూడదు, విన్నాక తీసేయాలి. అదే రోజు వినకండి, అలసటలో అంతా బాగానే ఉన్నట్టు వినిపిస్తుంది. సోమవారమో మంగళవారమో వినండి.

పిల్లవాడు చేసిన పని మీద కాక, పిల్లవాడి మీదే పడిన ప్రతి వాక్యాన్నీ నిమిషంతో సహా ఎర్ర పెన్నుతో రాయండి. "నువ్వెప్పుడూ ఇంతే", "నీకు బుర్ర లేదా", అన్నిటికన్నా చెడ్డది "మీ నాన్నగారు సంఘపెద్ద అయ్యుండి నువ్విలాగా!" ఈ చివరిది తరగతిలో ఆగదు, భోజనాల వేళకు ఇంటికి చేరుతుంది.

బైబిల్లో ఉందని చెప్పి, రెండు నిమిషాల్లో వచనం చూపించలేని ప్రతి మాటా నీలం పెన్నుతో రాయండి. జ్ఞానులు ముగ్గురన్నారా? మత్తయి కానుకలు మూడు రకాలన్నాడు గానీ మనుషుల్ని లెక్కపెట్టలేదు. ఏదెనులో ఆపిల్ అన్నారా? అక్కడున్నది పండు మాత్రమే. "తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడు" అనేది ఏ పుస్తకంలోనూ దొరకదు. బూతు మాట్లాడని టీచర్లు కూడా నీలంలో దొరికిపోతారు. మొదటి వచనం అడిగే లెక్కలో ఇదీ ఉంది.

ఎర్ర గీతలు చివరి పది నిమిషాల్లో గుంపుగా పడితే తప్పు నాలుకది కాకపోవచ్చు. కథ పొడవైంది, పిల్లలకు ఆకలేసింది, ఫ్యాను తిరగలేదు. కథను 12 నిమిషాలకు కుదించి, మధ్యలో లేచి నిలబడే పాట పెట్టండి. గీతలు మొదటి నుంచీ ఒకే పిల్లవాడి పేరు మీద ఉంటే మాత్రం అది మీ మనసులో సంగతి.

ఇప్పుడు ప్రతి ఎర్ర వాక్యాన్నీ తిరిగి రాయండి. ఎనిమిది మాటలు దాటకూడదు, అందులో పేరు, చేయవలసిన పని మాత్రమే ఉండాలి. "ఏరా మొద్దూ, వింటున్నావా?" అన్నచోట "ప్రసాదూ, ప్రశ్న మళ్లీ చెప్తాను, విను." రాసినదాన్ని పైకి పదిసార్లు అనండి. నోటికి అలవాటు కాని వాక్యం కోపంలో రాదు. అనేముందు రెండడుగులు ఆ పిల్లవాడి దగ్గరకు నడవండి, దూరం తగ్గితే గొంతు దానంతటదే తగ్గుతుంది.

తెలియని ప్రశ్న వచ్చినప్పుడు

"దేవుడు మా తాతయ్యని ఎందుకు తీసుకెళ్లాడు?" అని ఒక పాప అడిగితే, "దేవుడికి మంచి పువ్వులే కావాలి కదమ్మా" అనేస్తాం. వినడానికి తియ్యగా ఉంటుంది. మంచిగా ఉంటే తననూ కోసేస్తాడని ఆ పాపకు అర్థమవుతుంది. "నాకు తెలీదమ్మా. తాతయ్య మీద బెంగగా ఉంది కదూ" చాలు. లాజరు సమాధి దారిలో యేసు ఏడ్చాడని (యోహాను 11:35) చెప్పొచ్చు. వెతికితే దొరికే ప్రశ్న అయితే "వచ్చే ఆదివారం చెప్తాను" అని పిల్లల ముందే నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాత చెప్పకపోతే అదీ మాట తప్పడమే.

ప్రార్థన మనవుల పేరుతో

"ఫలానా అక్క ఇంట్లో గొడవలట, ప్రార్థించండి" అన్న వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాడీకి తెల్లచీర కట్టడమే. ఆ అక్క అడగమన్నదా? ఆమె పక్కన కూర్చుని ఉంటే అదే మాట అంటారా? రెండింటిలో ఒక్కదానికి "లేదు" అని వచ్చినా పంపకండి. నలభై ఇళ్ల సంఘంలో పేరు తీసేసినా ఇల్లు ఇట్టే తెలిసిపోతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, గట్టిగా గుర్తుపెట్టుకోండి. తనను ఎవరో తాకరాని చోట తాకుతున్నారని పిల్ల చెబితే, నాలుక అదుపు అంటే మౌనం కాదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. పది ప్రశ్నలు వేయకండి. ఆమె అన్న మాటలు అన్నట్టే రాసుకుని పోలీసులకు తెలపండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు తెలపడం తప్పనిసరి. సంఘం పరువు అంటూ పెద్దలు ఆపబోయినా ఇది మారదు.

మాట జారిపోతే

ఎంతమంది ముందు అన్నారో అంతమంది ముందే సరిదిద్దండి. తరగతిలో తిట్టి, మెట్ల దగ్గర చెవిలో "సారీ నాన్నా" అంటే మిగతా పద్దెనిమిది మందికి తిట్టే మిగులుతుంది. "పోయిన ఆదివారం ప్రసాదును మొద్దు అన్నాను. అది తప్పు" అని ఆపండి. "కానీ నువ్వు కూడా..." అని సాగదీస్తే క్షమాపణ రెండో తిట్టవుతుంది. తప్పు పాఠం చెప్పినా ఇదే పద్ధతి.

రెండో ఆదివారం మళ్లీ రికార్డు చేసి, ఎరుపు, నీలం లెక్కలు పక్కపక్కన రాయండి. ఎరుపు తగ్గి నీలం పెరిగితే కంగారు పడకండి, మీ చెవి పదునెక్కిందన్నమాట. ఏడో పాఠం 3:13-18. దానికి ముందు ఆ నోటుపుస్తకంలో మీ సంఘంలో తక్కువ మాట్లాడి ఎక్కువ నేర్పిన ఒకరిని తలచుకుని, వారు తరగతిలో ఏం చేసేవారో ఐదు వాక్యాల్లో రాసి ఉంచండి. పేరు రాయనక్కర్లేదు.