ఫ్రీలాన్స్ రచయితగా సంపాదకులకు వ్యాస ప్రతిపాదన ధైర్యంగా ఎలా పంపాలి?

చక్కగా రాయగలిగి కూడా పత్రికకు ఒక్క ఉత్తరం పంపడానికి నెలల తరబడి వెనకాడేవారు మనలో చాలామంది ఉన్నారు. జర్నలిజం చదవలేదనో, హైదరాబాద్‌లో పరిచయాలు లేవనో, పేరు ఎవరికీ తెలియదనో కారణాలు చెప్పుకుంటారు. ఈ జంకు పుట్టుకతో వచ్చిన బిడియం కాదని నా గట్టి నమ్మకం. చేతిలో ఉన్న సమాచారం సరిపోతుందో లేదో, అవతలివారికి ఏం కావాలో తెలియనప్పుడు ఎవరికైనా గొంతు తడబడుతుంది. ఆ రెండూ తేల్చుకుంటే భయం చాలావరకు తగ్గుతుంది.

1. ముందుగా రెండు మూడు నమూనాలు పూర్తి చేసుకోండి

ఎవరూ అడగకుండానే, ఆరేడు వందల పదాల్లో, మీకు బాగా తెలిసిన విషయాలపై వ్యాసాలు రాసి పెట్టుకోండి. ఇదివరకు ఏం రాశారని సంపాదకులు అడిగినప్పుడు చూపించడానికి ఇవి ఉపయోగపడతాయి. వీటిని సొంత బ్లాగులో పెట్టుకోవచ్చు గానీ, అలా పెట్టినవాటిని మళ్లీ పత్రికకు పంపకూడదు. రచన సొంతమనీ, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదనీ, వేరేచోట పరిశీలనలో లేదనీ తెలుగు పత్రికలు హామీపత్రం అడగడం పరిపాటి.

2. పంపదలచుకున్న పేజీని నెల రోజులు చదవండి

పత్రిక మొత్తాన్ని కాక, మీరు రాయదలచిన పేజీని మాత్రమే వరుసగా నాలుగు వారాలు చదవండి. వ్యాసం నిడివి ఎంత, మొదటి పేరా ఒక మనిషితో మొదలవుతోందా సమస్యతో మొదలవుతోందా, చివర ఎవరి పేరు ఉంటోంది అన్నవి రాసుకోండి. సిబ్బంది పేర్లే తప్ప బయటివారి పేర్లు ఎప్పుడూ కనిపించని పేజీకి ప్రతిపాదన పంపి, జవాబు రాలేదని బాధపడటంలో అర్థం లేదు. ఈనాడు వసుంధర, సాక్షి ఫన్‌డే, నమస్తే తెలంగాణ బతుకమ్మ వంటివాటిలో దేని పాఠకులు దానికే ఉన్నారు. ఒకదానికి నప్పే అంశం మరొకదానికి నప్పకపోవచ్చు. ఇంగ్లిష్‌లోనూ రాయగలిగితే దక్షిణాది రాష్ట్రాల వార్తలపై దృష్టి పెట్టే ది న్యూస్ మినిట్, గ్రామీణ జీవితాన్ని నమోదు చేసే పరి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వంటి వెబ్‌సైట్లను కూడా ఇలాగే పరిశీలించండి.

3. విషయాన్ని కథనంగా మార్చండి

ఎక్కువ ప్రతిపాదనలు ఇక్కడే దెబ్బతింటాయి, అందుకే దీనిపై అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించాలి. ‘ఏటికొప్పాక లక్కబొమ్మల గురించి రాస్తాను’ అనడం విషయం చెప్పడమే అవుతుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించిందనీ, ఆ ఊరికి చెందిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ప్రకటించారనీ, 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం వాటిపైనే రూపొందిందనీ సంపాదకులకు ఇప్పటికే తెలుసు. వీటినే మళ్లీ చెప్పే వ్యాసానికి పేజీలో చోటు దొరకడం కష్టం.

అదే ఊరికి వెళ్లి ఒక ప్రశ్న పట్టుకోండి. ఆ బొమ్మలు మెత్తని అంకుడు కర్రతో తయారవుతాయి. ఆ కర్ర ఇప్పుడు ఎక్కడినుంచి వస్తోంది, ఎవరు తెస్తున్నారు, పదేళ్ల కిందటి ధర ఎంత, ఇప్పటి ధర ఎంత, దొరకనప్పుడు పని ఆగిపోతే ఆ ఇల్లు ఎలా గడుస్తోంది? ఇద్దరు ముగ్గురు కళాకారులతో, కర్ర తెచ్చేవారితో, అటవీ శాఖ ఉద్యోగితో మాట్లాడితే, ఇంకెవరి దగ్గరా లేని సమాచారం మీ దగ్గర ఉంటుంది. అంతటి పెద్ద పత్రికకు రాయడానికి నేనెంత అన్న సందేహం అప్పుడు దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే ఆ ఒక్క సంగతిలో మీకు సంపాదకుడి కంటే ఎక్కువ తెలుసు.

4. ప్రతిపాదనను పదిహేను వాక్యాల లోపు రాయండి

ఈమెయిల్ శీర్షికలోనే ‘వ్యాస ప్రతిపాదన’ అని, పక్కన అంశాన్ని రాయండి. లోపలి ఉత్తరం దాదాపు ఇలా ఉండవచ్చు:

“నమస్కారమండీ. ఏటికొప్పాక లక్కబొమ్మ కొనేవారికి దాని రంగులు కనిపిస్తాయి గానీ, లోపలి అంకుడు కర్ర ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఆ కర్ర కోసం కళాకారుల కుటుంబాలు పడుతున్న ప్రయాసపై మీ ఆదివారం అనుబంధానికి 800 పదాల వ్యాసం రాయదలచాను. గ్రామంలో మూడు కుటుంబాలతో మాట్లాడాను, అటవీ శాఖ వివరణ కూడా తీసుకుంటాను. నేను తీసిన ఫొటోలు ఉన్నాయి. మీరు అంగీకరిస్తే పది రోజుల్లో పంపగలను. నేను అనకాపల్లిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. నా రచనా నమూనాలు రెండు జతచేస్తున్నాను.”

ఇందులో క్షమాపణ లేదు, బతిమాలడం లేదు. ‘నేను కొత్తవాణ్ని, తప్పులుంటే మన్నించండి’ అన్న వాక్యం వినయంగా అనిపించినా, పని మీద నమ్మకం లేదన్న సంకేతం ఇస్తుంది కాబట్టి దాన్ని తీసివేయండి. చేయని ఇంటర్వ్యూను చేసినట్టు మాత్రం ఎన్నడూ రాయవద్దు. తెలుగు పాఠాన్ని యూనికోడ్‌లో పంపండి. అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసినది ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా తెరుచుకుంటుంది. పండుగలకు సంబంధించిన ప్రతిపాదనలు కనీసం నెల రోజుల ముందు చేరాలి, ఎందుకంటే అనుబంధాల ప్రణాళిక చాలా ముందుగానే సిద్ధమవుతుంది.

5. నోటితో చెప్పడం అభ్యసించండి

ఫోన్‌లో మాట్లాడవలసి వస్తే అంశాన్ని మూడు వాక్యాల్లో చెప్పగలగాలి: ఏం జరుగుతోంది, ఇప్పుడే ఎందుకు, ఈ పేజీ పాఠకులకు ఎందుకు. ఇంట్లో పత్రికలు చదవని వ్యక్తికి చెప్పి చూడండి. వారు ‘తర్వాత ఏమైంది?’ అని అడిగితే అంశంలో పట్టు ఉన్నట్టే. దినపత్రికల్లో ఎడిషన్ పని ముమ్మరంగా సాగే సాయంత్రం వేళల్లో ఫోన్ చేయకండి.

6. జవాబు రాకపోతే

ఏ అంశం, ఎవరికి, ఏ తేదీన పంపారు, ఏం జవాబొచ్చింది అన్నవి ఒక నోటుపుస్తకంలో రాస్తూ ఉండండి. పది, పదిహేను రోజుల తర్వాత ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. అప్పటికీ మౌనమే అయితే, ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నానని రెండు వాక్యాలు రాసి, మరో పత్రికకు తగినట్టు మార్చి పంపండి. ఒకే అంశాన్ని ఒకేసారి రెండు చోట్లకు పంపితే, ఇద్దరూ అంగీకరించిన రోజున ఒకరి దగ్గర మాట పోతుంది. తిరస్కరణకు కారణాలు చాలా ఉంటాయి: అదే అంశం సిబ్బంది ఒకరు రాస్తూ ఉండవచ్చు, పేజీలు తగ్గి ఉండవచ్చు. కారణం తెలియనప్పుడు దాన్ని మీ ప్రతిభ మీద తీర్పుగా చదువుకోవడం అన్యాయం. పుస్తకంలో మూడు నాలుగు ప్రతిపాదనలు నడుస్తున్నప్పుడు ఏ ఒక్క ‘వద్దు’ కూడా మిమ్మల్ని కుంగదీయదు.

7. అంగీకరించిన వెంటనే పారితోషికం అడగండి

డబ్బు మాట ఎత్తడానికి సిగ్గుపడేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ‘నిడివి, గడువు, పారితోషికం, చెల్లింపు ఎప్పుడు అన్నవి దయచేసి తెలియజేయగలరు’ అన్న ఒక్క వాక్యం ఈమెయిల్‌లో రాయడం పూర్తిగా మర్యాదైన పని. పాన్ నంబరు సిద్ధంగా ఉంచుకోండి, ఎందుకంటే చెల్లింపు నుంచి టీడీఎస్ (చెల్లించేవారే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించవలసి వస్తే అది అవసరమవుతుంది.

హక్కుల విషయమూ అప్పుడే తేల్చుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి కాని రచయిత రాసిన వ్యాసంపై మొదటి హక్కు సాధారణంగా రచయితదే. ఆ హక్కు బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. పత్రంలో కాలపరిమితి చెప్పకపోతే అయిదేళ్లుగా పరిగణిస్తారు. ‘సర్వహక్కులూ’ అని ఉన్న కాగితంపై సంతకం చేసేముందు, తర్వాత ఈ వ్యాసాన్ని మీ సంకలనంలో చేర్చుకోవచ్చో లేదో అడిగి, జవాబును ఈమెయిల్‌లోనే తీసుకోండి.

వ్యాసం అచ్చయిన వారంలోనే ఆ సంపాదకుడికి కృతజ్ఞతలు చెబుతూ తర్వాతి ప్రతిపాదన పంపండి.