పీక్ ఉంది, చోటే తప్పు: రెండు రికార్డింగులు ఎఫ్‌.ఎఫ్‌.టి.తో కలవనప్పుడు

కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువు గట్టుకు ఆ కొసనొకటి, ఈ కొసనొకటి, 70 మీటర్ల దూరంలో రికార్డర్లు పెట్టారనుకుందాం. నీటికి గాలి పట్టించే ఏరేటర్లలో మోత దేనిదో తేలాలంటే ఒకే శబ్దం రెండు ఫైళ్లలో ఎంత తేడాతో పడిందో, అంటే వాటి మధ్య ఆలస్యం, తెలియాలి. అందుకు ఒక ఫైలును మరోదాని మీద జరుపుతూ పోలిక కొలుస్తాం; అదే కోరిలేషన్. బాగా కలిసిన చోట పీక్ వస్తుంది, ఆ చోటే ఆలస్యం. పెద్ద ఫైళ్లకు ఈ పని ఎఫ్‌.ఎఫ్‌.టి.తో చేస్తాం: అది శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే వేగమైన లెక్క, దాని ఫలితం స్పెక్ట్రమ్. 30 డిగ్రీల ఎండలో శబ్దవేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. అంటే సెకనుకు 48,000 శాంపిళ్ల (కొలతల) రేటులో ఆలస్యం అటో ఇటో సుమారు 9,630 శాంపిళ్లకు మించదు. మించితే లెక్కలోనే తేడా. అయితే రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఆన్ చేసి, ఒక చప్పట్టు కొట్టాకే గట్టు మీదికి తీసుకెళ్లాలి. లేకుంటే ఆన్ చేసిన తేడా కూడా ఆలస్యంలో కలిసిపోతుంది.

సమస్య: పీక్ వస్తుంది, కానీ ఆలస్యం నమ్మేటట్టు లేదు.
కారణం: ఎక్కువసార్లు ఇదే. రెండు స్పెక్ట్రమ్‌లను ఊరికే గుణిస్తే వచ్చేది కన్వల్యూషన్, అంటే ఒకదాన్ని తిరగేసి పోల్చినట్టు. కోరిలేషన్ కావాలంటే ఒకదానికి కాంజుగేట్ (ఊహాభాగం గుర్తు మార్చిన రూపం) తీసుకోవాలి. సుష్టమైన పల్స్‌తో పరీక్షిస్తే ఈ తప్పు దొరకదు: 1, 2, 1కి రెండు పద్ధతుల్లోనూ పీక్ ఎత్తు 6 వస్తుంది, చోటు మాత్రం జరుగుతుంది.
పరిష్కారం: సుష్టం కానిదాన్ని తీసుకోండి. ఎక్స్ = 1, 2, 3, ఆపై ఐదు సున్నాలు. వై = అదే, 2 శాంపిళ్లు ఆలస్యంగా. వై స్పెక్ట్రమ్‌ను ఎక్స్ కాంజుగేట్‌తో గుణించి వెనక్కి మార్చండి. ఇండెక్స్ సున్నా నుంచి లెక్కిస్తే:
2 దగ్గర 14 వస్తే సరి.
5 దగ్గర 12 వస్తే కాంజుగేట్ మరిచారు.
6 దగ్గర 14 వస్తే కాంజుగేట్ ఎక్స్‌కు బదులు వైకి పడింది; గుర్తు తిరగబడింది.

సమస్య: ఆలస్యం పది లక్షల శాంపిళ్లట!
కారణం: రుణ ఆలస్యాలు వరుస చివర కూర్చుంటాయి.
పరిష్కారం: ఇండెక్స్ సగం దాటితే మొత్తం పొడవు తీసేయండి. 1038976 – 1048576 = –9600.

సమస్య: ఫైలు చివరి శబ్దం మొదటిదానితో జత కడుతోంది.
కారణం: ఎఫ్‌.ఎఫ్‌.టి. లెక్క చక్రంలా చుట్టి వస్తుంది.
పరిష్కారం: సున్నాలు చేర్చండి. 10 సెకన్ల ఫైళ్లు రెండింటికి కనీసం 480000 + 480000 – 1. దాని పైనున్న 2 ఘాతం 1048576, అది తీసుకోండి.

సమస్య: ఒకటి కాదు, దువ్వెన పళ్లలా పీకులు.
కారణం: 960 శాంపిళ్లకొకటి వస్తుంటే అది కరెంటు 50 హెర్ట్జ్ హమ్. ఏరేటర్ రెక్కల దెబ్బా ఇలాగే పళ్లు పెడుతుంది, ఎడం మాత్రం వేరు.
పరిష్కారం: సగటు తీసేసి, 300 హెర్ట్జ్ కింద కోసేయండి. చాలకపోతే గుణకారం ఫలితాన్ని దాని పరిమాణంతో భాగించి ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందో) మాత్రమే ఉంచండి. శబ్దం నిజంగా ఉన్న ఫ్రీక్వెన్సీల బ్యాండ్‌లోనే సుమా, లేకుంటే ఉత్త రొదకూ సమాన బరువు దక్కుతుంది.

సమస్య: మొదట్లో కలుస్తుంది, గంటయ్యాక కలవదు.
కారణం: రెండు గడియారాల వేగం ఒకటి కాదు. మిలియన్‌కు 20 తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు, అంటే 3,456 శాంపిళ్లు.
పరిష్కారం: చివర్లో రికార్డర్లను మళ్లీ పక్కపక్కన పెట్టి ఇంకో చప్పట్టు కొట్టండి. రెండు చప్పట్ల దగ్గరా ఆలస్యం కొలిచి, ఆ తేడా మేరకు ఒక ఫైలును రీశాంపిల్ చేయండి, అంటే శాంపిళ్ల ఎడం సరిచేయండి.