అడ్మిషన్లు మొదలయ్యేలోపే ఎల్‌డాప్ స్క్రిప్టును సరిచూసుకోండి

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదటి విడత జాబితా కాలేజీకి చేరిందంటే చాలు, కొత్త పిల్లలందరికీ ల్యాబ్ లాగిన్లు రేపటికల్లా కావాలంటారు. ఆ ఖాతాలన్నీ ఒకేసారి సృష్టించే, ఏడాదంతా ముట్టుకోని స్క్రిప్టును ఆ రాత్రి బయటికి తీస్తాం. యూజర్ల ఖాతాలన్నీ ఒకచోట ఉంచే ఎల్‌డాప్ డైరెక్టరీని నడిపే ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ చూసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. స్క్రిప్టు మధ్యలో ఆగిపోతే కంగారుపడకండి. ఎక్కడా ఆగకుండా తప్పుడు ఎంట్రీలు ఎక్కించేసే స్క్రిప్టుకే భయపడాలి.

నేను పనిచేసిన ఒక కాలేజీలో అలాంటిదే జరిగింది. డైరెక్టరీలో ఉన్న యూఐడీ నంబర్లలో (లినక్సు ఒక్కో యూజర్‌ను గుర్తుపట్టే నంబర్లు) పెద్దది వెతికి, దానికి ఒకటి కలిపి కొత్త విద్యార్థికి ఇవ్వడం ఆ స్క్రిప్టు పద్ధతి. చాలాకాలం బాగానే నడిచింది. ఎంట్రీలు 500 దాటాక బెడిసింది. ఓపెన్‌ఎల్‌డాప్‌లో మనం మార్చకపోతే ఒక్క వెతుకులాటకు 500 ఎంట్రీలే వస్తాయి. ఇంకా ఉన్నాయని తెలపడానికి 4 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. స్క్రిప్టు ఆ కోడ్‌ను పట్టించుకోలేదు. వచ్చిన 500లో పెద్ద నంబరు తీసుకుని, అప్పటికే సీనియర్లకు ఉన్న నంబర్లను జూనియర్లకు పంచేసింది. లినక్సు ఫైలు ఎవరిదో పేరు చూసి తేల్చదు, నంబరు చూసి తేలుస్తుంది. దాంతో ఒకరి ప్రాజెక్టు ఫైళ్లు ఇంకొకరు చెరిపేయగలిగే పరిస్థితి వచ్చింది. సర్వర్ మాత్రం ఒక్క మాటా అనలేదు. ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపే యునిక్ ఓవర్లే అనే అదనపు మాడ్యూల్ పెట్టుకుంటే తప్ప, ఒకే యూఐడీ నంబరు ఇద్దరికి ఉన్నా దానికి అభ్యంతరం లేదు.

కాబట్టి జాబితా రాకముందే ఆ ఓవర్లే పెట్టండి. చివరిగా ఇచ్చిన నంబరును వెతికి తెచ్చుకునే బదులు విడిగా ఒకచోట రాసిపెట్టుకోవడం ఇంకా మంచిది. స్క్రిప్టు ఏ ఖాతాతో నడుస్తుందో అదే ఖాతాతో పరీక్షించండి. డైరెక్టరీ మీద పూర్తి అధికారం ఉన్న రూట్ డీఎన్ ఖాతాకు ఈ 500 పరిమితి వర్తించదు గనుక దానితో పరీక్షిస్తే లోపం బయటపడదు.

తర్వాత ఇంటి పేర్లు. వ్యక్తుల వివరాలకు వాడే ఐనెట్ఆర్గ్‌పర్సన్ రకం ఎంట్రీకి సీఎన్ (పూర్తి పేరు), ఎస్ఎన్ (ఇంటి పేరు) రెండూ తప్పనిసరి. మన జాబితాల్లో ఇంటి పేరు ముందు వస్తుంది, కొందరికి ఒక్క అక్షరమే ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. చివరి పదాన్ని ఎస్ఎన్‌గా తీసుకునే స్క్రిప్టు బయటి దేశాల పేర్లకు సరిపోతుంది గానీ మన పిల్లల పేర్లను తలకిందులు చేస్తుంది. ఎస్ఎన్ లేకుండా పంపితే 65 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది, అంటే తప్పనిసరి వివరం లేదని. ఖాళీగా పంపితే 21, అంటే ఆ విలువ చెల్లదని. ఇంటి పేరు లేనివాళ్లకు పూర్తి పేరునే అందులో పెట్టండి. చుక్కో గీతో పెట్టి సరిపెట్టకండి, సర్టిఫికెట్ల దాకా అదే వెళ్తుంది. పేర్లు తెలుగు లిపిలో ఉంటే ఎంట్రీలు రాసి సర్వర్‌కు పంపే ఎల్‌డిఫ్ ఫైల్లో వాటిని బేస్64 (మామూలు ఇంగ్లిషు అక్షరాలు, అంకెల రూపం) చేసి, రెండు కోలన్లతో రాయాలి.

జాబితాను విండోస్‌లో ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా సేవ్ చేస్తే ప్రతి లైను చివర కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు ఉంటుంది. చివరి కాలమ్‌లో పాస్‌వర్డ్ ఉందంటే అది కూడా పాస్‌వర్డ్‌లో కలిసి హ్యాష్ (భద్రపరిచే గుప్త రూపం) అవుతుంది. విద్యార్థి సరిగ్గా టైపు చేసినా 49 (పాస్‌వర్డ్ తప్పనే కోడ్) వస్తూనే ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఎల్‌డాప్ కమాండ్లు మైనస్ వై (-y) ఆప్షన్‌తో చదివే ఫైల్లో పెట్టేటప్పుడూ అంతే, చివర కొత్త లైను ఉండకూడదు. కమాండ్‌లోనే మైనస్ డబ్ల్యూ (-w) పక్కన పాస్‌వర్డ్ రాస్తే ఆ మెషీన్‌లో, నడుస్తున్న కమాండ్లను చూపే పీఎస్ కొట్టిన వాళ్లకు కనిపించవచ్చు, అది అస్సలు వద్దు.

ఎంట్రీలను సర్వర్‌కు ఎక్కించే ఎల్‌డాప్‌యాడ్ కమాండ్ మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోతుంది. కానీ అప్పటిదాకా ఎక్కినవి వెనక్కి రావు. అదే ఫైలు మళ్లీ నడిపితే మొదటి ఎంట్రీకే 68 వస్తుంది, అంటే ఆ ఎంట్రీ ముందే ఉందని. రెండో విడత జాబితాలో పాత పేర్లు మళ్లీ వచ్చినా ఇదే కోడ్ వస్తుంది. అప్పుడు చాలామంది విసుగొచ్చి మైనస్ సీ (-c) ఆప్షన్ పెట్టేస్తారు, అది అన్ని ఎర్రర్లనూ దాటుకుంటూ పోతుంది. పెట్టక తప్పదనుకుంటే పెద్ద ఎస్ (-S) ఆప్షన్ కూడా జత చేయండి, ఎక్కని ఎంట్రీలన్నీ విడి ఫైల్లో పడతాయి. 32 (అలాంటి ఎంట్రీ లేదనే కోడ్) వస్తే ఎంట్రీలో తప్పు వెతకొద్దు, చాలాసార్లు కొత్త బ్యాచ్ ఓయూ (ఎంట్రీలు పెట్టే ఫోల్డర్ లాంటిది) సృష్టించడమే మరిచిపోయి ఉంటాం.

ఏమీ ఎక్కించకుండా ఉత్తినే నడిపి చూపే మైనస్ ఎన్ (-n) ఆప్షన్‌తో నడిపి అంతా బాగుందనుకోవద్దు. ఎంట్రీ సర్వర్ దాకా వెళ్లదు కాబట్టి 65, 68 అక్కడ కనిపించవు. స్లాప్‌క్యాట్‌తో అసలు డేటా బ్యాకప్ తీసి, దాన్నే వేరే మెషీన్‌లో స్లాప్‌యాడ్‌తో ఎక్కించి, స్క్రిప్టును ముందు దానిమీద నడపండి. ఆ మెషీన్‌లో ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ప్రోగ్రామైన స్లాప్‌డీ ఆపాకే స్లాప్‌యాడ్ నడపాలి. ఆ బ్యాకప్ అసలు సర్వర్‌కూ పనికొస్తుంది, ఎక్కడ పెట్టారో పక్కవాళ్లకు కూడా చెప్పి ఉంచండి.

అన్నీ ఎక్కాక ల్యాబ్‌లో ఒక మెషీన్ దగ్గర కూర్చుని జాబితాలో మొదటి విద్యార్థి, చివరి విద్యార్థి, ఇంటి పేరు లేని ఒక విద్యార్థి ఖాతాల మీద, యూఐడీ నంబరు చూపే ఐడీ కమాండ్ కొట్టి చూడండి. పాత వివరాలే కనిపిస్తే ముందు ఆ మెషీన్ ఖాతాల వివరాలు దాచుకునే ఎస్ఎస్ఎస్‌డీ క్యాష్ ఖాళీ చేసి, మళ్లీ చూడండి.