గ్యాస్ బిళ్ళ అడిగేముందు టైం చూసుకోండి: టెన్షన్ సమస్యలు, పరిష్కారాలు

మాది కావలి, మెడికల్ షాపులో పని చేస్తా. కౌంటర్ దగ్గరకొచ్చి నాకు స్ట్రెస్‌గా ఉందన్నా అని ఎవరూ చెప్పరు, గ్యాస్ బిళ్ళ ఇవ్వు అంటారు, తలనొప్పికేదన్నా ఇవ్వు అంటారు, ఇంకొందరు కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించి నిద్రకేమన్నా ఉందా అంటారు. పొద్దస్తమానం ఇదే చూస్తుంటా కాబట్టి నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది, ఏమొచ్చింది అనేదానికంటే ఎప్పుడొస్తా ఉంది అని అడిగితే సగం కారణం అక్కడే దొరికిపోద్ది. పొద్దున వాట్సాప్‌లో రొయ్యల రేటు చూడగానే కడుపు తిప్పే మనిషికీ, రాత్రి రెండింటికి లేచి కూర్చునే మనిషికీ టెన్షన్ ఒకటే అయినా మార్చుకోవాల్సిన అలవాటు ఒకటి కాదు. అందుకే ఇక్కడ ముందు లక్షణం, అది వచ్చే టైం, దానెనక కారణం, ఆ తర్వాత ఏం చేయాలో రాస్తున్నా. ముందు ఒక నాలుగు రోజులు ఏ బాధ ఏ టైంకి వస్తుందో, దానికి అరగంట ముందు ఏం చేస్తున్నారో క్యాలెండర్ మీదే చిన్నగా రాసుకోండి.

సమస్య: ఛాతీలో బరువు, గుండె దడ, గ్యాసే అనుకుంటున్నారు

దీంట్లో మాత్రం ముందు అలవాట్ల మాట పక్కన పెట్టండి. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నాలుగు అడుగులేస్తే ఎక్కువైనా 108కి ఫోన్ చేయాలి, అంతే. షుగర్ ఉన్నవాళ్ళకి నొప్పి పెద్దగా లేకుండానే గుండెపోటు రావచ్చు, వాళ్ళు అసలు ఆలస్యం చేయకూడదు. మొదటిసారి వచ్చినప్పుడు ఈసీజీ తీయించుకోవాల్సిందే, దడ ఎక్కువ రోజులుంటే థైరాయిడ్, రక్తం ఎంతుందో కూడా చూపించుకోవాలి, ఎందుకంటే రక్తం తక్కువైనా థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం టెన్షన్ లాగానే ఉంటది.

అవన్నీ బాగున్నాయి, డాక్టరు ఏం లేదు పొమ్మన్నాడు, అయినా వస్తా ఉంది అంటే అప్పుడు టైం చూడండి. ఎక్కువమందికి ఫలానా ఫోన్ రాగానే, లేకపోతే వడ్డీ కట్టాల్సిన తారీకు దగ్గరపడగానే, పొగాకు రైతులకైతే వేలానికి బేళ్లు తోలేముందు రోజు నుంచి మొదలవుద్ది. బేలుకి ఎవరూ పాట పాడకపోతే, దాన్నే నోబిడ్ అంటారు, వెనక్కి తెచ్చుకోవాలి, బండి కిరాయి దండగ, ఆ భయం ఉత్తదేం కాదు. భయపడ్డప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటది, ఊపిరి పైపైనే ఆడతది, కడుపు మెలిపెడతది.

ఏం చేయాలంటే, ఊపిరి వదలడం పొడుగు చేయండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చి, ఆరో ఏడో లెక్కపెట్టే దాకా మెల్లగా వదలాలి. వదిలేటప్పుడు గుండె వేగం తగ్గడం ఒంటికి సహజంగా ఉన్నదే, మనం ఆ భాగాన్ని సాగదీస్తున్నాం. ఒక ఐదు నిమిషాలు చేయండి, కళ్ళు తిరిగినట్టుంటే ఆపేసి మామూలుగా పీల్చండి, గట్టిగా లాగక్కర్లేదు. కానీ ఇది దడ వచ్చినప్పుడే మొదటిసారి చేస్తే కుదరదు, రోజూ బండి స్టార్ట్ చేసేముందో, స్టవ్ మీద పాలు పెట్టినప్పుడో, ఎట్టాగూ చేసే ఏదో ఒక పనికి దీన్ని తగిలించి అలవాటు చేసుకుంటే అవసరమప్పుడు ఒళ్ళు మాట వింటది.

సమస్య: నిద్ర పట్టదు, పట్టినా రెండు మూడింటికి మెలకువ

మా షాపుకి ఎక్కువ వచ్చేది ఈ బాధే. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నవాళ్ళు మరీ ఎక్కువ. వాళ్ళ సంగతి తెలిసినోళ్ళకి ఆశ్చర్యమేం ఉండదు, గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారుజామునే, ఆ టైంలో కరెంటు పోయి ఏరియేటర్లు, అంటే నీళ్ళలోకి గాలి కలిపే మోటార్లు, ఆగితే జనరేటర్ ఎక్కించేలోపు రొయ్యలు పైకి తేలిపోతాయి, మూడు నాలుగు నెలల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోద్ది. అలాంటి మనిషిని ప్రశాంతంగా పడుకో అని చెప్పడం వల్ల ఏం లాభం? అతని చెవి నిద్రలో కూడా మోటార్ శబ్దం మీదే ఉంటది.

కాబట్టి ఇక్కడ పరిష్కారం మనసుకి కాదు, కాపలాకి చేయాలి. కరెంటు పోతే ఫోన్‌కి కాల్ వచ్చే మొబైల్ స్టార్టర్లు దొరుకుతున్నాయి, పెట్టించుకోండి. పక్క గుంట అన్నతో మాట్లాడుకుని వంతులేసుకోండి, ఈ రాత్రి నువ్వు చూడు బావా రేపు నేను చూస్తా అని, వంతు లేని రాత్రి ఫోన్ ఇంకో గదిలో మోగేంత దూరంలో పెట్టి పడుకోవాలి, తలగడ కింద కాదు. వంతు ఉన్న రాత్రి పోయిన నిద్రని మధ్యాహ్నం మూడు లోపల ఒక ఇరవై ముప్పై నిమిషాలు కునుకు తీసి సర్దుకోండి, సాయంత్రం ఐదింటికి పడుకుంటే మాత్రం రాత్రి నిద్ర మళ్ళీ పోద్ది.

గుంటలు లేనివాళ్ళ సంగతి. పడుకోగానే రాకపోతే సాయంత్రం టీ చూడండి. టీ కాఫీల్లో ఉండే కెఫీన్ సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, ఆరింటికి తాగిన స్ట్రాంగ్ టీ పదకొండింటికి కూడా ఒంట్లో సగం ఉంటది. నాలుగు తర్వాత మజ్జిగో సబ్జా నీళ్ళో తాగి ఒక వారం చూడండి. ఇంకోటి, కళ్ళు మూయగానే లెక్కలు మొదలవుతున్నాయంటే పగలు వాటికి టైం ఇవ్వలేదని అర్థం. అన్నం తినేముందు ఒక కాగితం మీద రేపు చేయాల్సిన పనులన్నీ రాయండి, అప్పు కూడా రాయండి, ఎదురుగా రేపు చేయగలిగే ఒక్క పని రాయండి, మన చేతిలో లేనిదైతే చేతిలో లేదు అని రాయండి. అమెరికాలో బేలర్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో బయటపెట్టిన పరీక్షలో, పడుకునేముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాసినవాళ్ళకి, అయిపోయిన పనులు రాసినవాళ్ళకంటే త్వరగా నిద్ర పట్టింది. చిన్న పరీక్షే అనుకోండి, కాగితం పెన్నుతో పోయేదేముంది.

మధ్యలో మెలకువొచ్చేవాళ్ళకి రెండు మాటలు. బ్రాందీ, విస్కీ లాంటి మందు తాగితే నిద్ర త్వరగా వస్తుంది నిజమే, కానీ అర్ధరాత్రి దాటాక అదే నిద్ర చెడగొడతది, ఆ మెలకువకి టెన్షన్ అని పేరు పెట్టుకుంటారు. మెలకువొచ్చి ఓ ఇరవై నిమిషాలైందనిపించినా పట్టకపోతే మంచం మీద దొర్లొద్దు, లేచి మసక వెలుతురులో కూర్చుని ఏ పాత పేపరో చదువుకోండి, కళ్ళు మూతలు పడినప్పుడే మళ్ళీ పడుకోండి. గడియారం చూడొద్దు. పొద్దున మాత్రం రాత్రి ఎట్టా గడిచినా ఒకే టైంకి లేవండి.

నిద్ర బిళ్ళల గురించి అందరికీ ఒకటే చెప్తా. ఆల్ప్రజోలం లాంటివి డాక్టర్ చీటీ లేకుండా అడగొద్దు, పక్కింటి వాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకుని వేసుకోవద్దు. అలవాటు పడటానికి ఎక్కువ రోజులు పట్టదు, ఇప్పటికే చాలారోజులుగా వేసుకుంటున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపేయకూడదు, డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించుకుంటా రావాలి.

సమస్య: సాయంత్రానికి తల, మెడ పట్టేస్తాయి

నుదుటి చుట్టూ గట్టిగా బిగించినట్టుంటది, మెడ వెనక రాయిలా అవుద్ది. కారణం చాలాసార్లు దవడ. ఫోన్‌లో గొడవ పడేటప్పుడు, బ్యాంకులో కూర్చున్నప్పుడు, కంప్యూటర్ ముందు ఉన్నప్పుడు పళ్ళు కొరుక్కుంటా భుజాలు చెవుల దాకా ఎత్తి ఉంటాం, మనకే తెలియదు. పెదాలు మూసి ఉన్నా పై పళ్ళు కింద పళ్ళు తగలకూడదు, ఇది గుర్తు పెట్టుకుని ఫోన్ మోగిన ప్రతిసారీ ముందు భుజాలు కిందకి వదిలి తర్వాత ఎత్తండి. మధ్యాహ్నం అన్నం మూడింటికి తినేవాళ్ళకీ, నీళ్ళు తాగనివాళ్ళకీ కూడా ఇదే నొప్పి వస్తది. నొప్పి బిళ్ళ నెలలో పది పదిహేను రోజులకి మించి వేసుకుంటే ఆ బిళ్ళే తలనొప్పి తెప్పిస్తుంది, ఇది చెప్తే చాలామంది నమ్మరు. ఉన్నట్టుండి భరించలేనంత నొప్పొచ్చినా, చూపు తేడాగా ఉన్నా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికే పోవాలి.

సమస్య: ఇంటికి రాగానే అరుపులు

బయట ఓనరు దగ్గర, కస్టమర్ దగ్గర నోరు మెదపని మనిషి గడప దాటగానే పిల్లల మీద ఎగురుతాడు. ఆడవాళ్ళకైతే ఇది పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య, క్యారియర్లు, స్కూల్ ఆటో, కుళాయి నీళ్ళు అన్నీ ఒకేసారి మీద పడే టైంలో వస్తది, దానికి ఆమె కోపిష్టిది అనడం అన్యాయం, పని పంచుకోవడమే దానికి మందు. ఒక క్యారియర్ ఆయన కట్టనీయండి.

సాయంత్రం కోపానికి మాత్రం మధ్యలో గ్యాప్ కావాలి. నేరుగా ఇంట్లోకి రాకుండా పది ఇరవై నిమిషాలు నడవండి. కావలి వాళ్ళకి తుమ్మలపెంట బీచ్, ఒంగోలు వాళ్ళకి కొత్తపట్నం ఉన్నాయి గానీ రోజూ అంత దూరం ఎవరు పోతారు, మన వీధి చివర దాకా చాలు. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, రోజుకి ఇరవై నిమిషాలు దాటితే సరిపోయినట్టే. రోహిణి కార్తెలో మాత్రం పొద్దు పూర్తిగా దిగాకో, తెల్లారి ఎండ ఎక్కకముందో నడవండి, ఎండలో నడిచి వడదెబ్బ తెచ్చుకోవద్దు. ఇంట్లోకి వచ్చాక "అమ్మా, ఇవాళ నా బుర్ర బాలేదు, ఒక పది నిమిషాలు ఆగి మాట్లాడతా" అని చెప్పేయండి, పిల్లలకి కూడా అర్థమవుద్ది, అరుపు మాత్రం అర్థం కాదు.

సమస్య: ఆదివారం సాయంత్రం పిల్లోడికి కడుపునొప్పి

హాస్టల్‌కి వెళ్ళేముందే, వీక్లీ టెస్ట్ ముందే వస్తుందంటే వాడు నటిస్తున్నాడు అనొద్దు, నొప్పి నిజంగానే ఉంటది. ఒకసారి డాక్టర్‌కి చూపించి, ర్యాంకు మాట ఎత్తకుండా "ఏందబ్బయ్యా, అక్కడ ఏం కష్టంగా ఉంది" అని అడిగి మీరు ఊరుకోండి, చెప్పేదాకా ఆగండి. నిద్ర ఎన్ని గంటలో అడగండి, ఆ వయసుకి ఎనిమిది గంటలైనా కావాలి. ఎవరన్నా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా అనేది కూడా అడగాలి, అదైతే అలవాట్లతో పోయేది కాదు, కాలేజీకి పోయి మాట్లాడాల్సిందే.

సమస్య: ఏ టైం లేదు, రోజంతా అట్టానే ఉంది

రెండు వారాలు దాటినా ఏ పని మీదా మనసు లేదు, తిండి సయించదు, ఊరికే ఏడుపొస్తది, స్నానం చేయాలన్నా బరువుగా ఉందంటే ఇక నడక, కాగితం, ఊపిరితో సరిపెట్టుకోవద్దు. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో మానసిక వైద్యుల ఓపీ ఉంటది. పోలేనివాళ్ళు టెలీ మానస్‌కి ఫోన్ చేయొచ్చు, నంబర్ 14416, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, 24 గంటలూ ఉంటది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే నిద్ర పట్టట్లేదు అని మొదలుపెట్టండి చాలు.

ఇంట్లో ఎవరన్నా "నేను లేకపోతే మీకు అప్పుల బాధ పోద్ది" లాంటి మాట అంటే అది మామూలు మాట అని వదిలేయొద్దు. చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడగండి, అడిగితే కొత్తగా ఆలోచన వస్తుందనేది నిజం కాదు. మన రైతుల ఇళ్ళల్లో పురుగుమందు డబ్బాలు మంచం కిందా పశువుల కొట్టంలోనూ ఉంటాయి, వాటిని ఆ రోజే తీసి తాళం వేయండి, లేకపోతే నమ్మకమైన వాళ్ళ ఇంట్లో పెట్టండి, మిగిలిపోయిన బిళ్ళలు కూడా. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, 14416కి మీరే డయల్ చేసి ఫోన్ చేతికిచ్చి పక్కనే కూర్చోండి. ఒకవేళ పురుగుమందు తాగితే కక్కించే ప్రయత్నాలు చేయకుండా డబ్బా కూడా తీసుకుని 108లో ఆసుపత్రికి పోండి, ఏ మందో తెలిస్తే డాక్టర్‌కి వైద్యం మొదలుపెట్టడం తేలికవుద్ది.